ఇటు పైకి

సైదాపేటలో, వంతెన దిగగానే ఎడమ పక్క
మా ఫ్రేముల కొట్టు.
నాన్న నాటి నుంచీ మాకు అన్నం పెట్టింది
వెంకన్న, పోయినవాళ్ళు.
వాళ్ళ ఫోటోలకు పైవైపు ఏదో
ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిన్న కారు దిగి వచ్చింది ఆదిరై,
ఆళ్వార్‌పేట గ్యాలరీ అమ్మాయి,
చెవులకు వెండి బిళ్ళలు, చేతిలో టేపు.
"మీ అటక మీద వకుళ గారి కాన్వాసు ఉందటగా సార్,
ఇప్పుడు మళ్ళీ అందరూ అలాంటివే అడుగుతున్నారు.
ఫోన్లో రోజంతా మొహాలే,
చూసి చూసి విసిగిపోయారు జనం."

మళ్ళీ అనాలంటే
ముందోసారి అడిగి ఉండాలి కదా.

డెబ్బై ఎనిమిదిలో నాకు పంతొమ్మిది.
వకుళ గారు పల్లావరం నుంచి బస్సులో వచ్చేది,
ఒళ్ళో కాన్వాసు,
దానికీ టికెట్టు కొట్టమన్న కండక్టరుతో తగువు.
ఆ బొమ్మలో బొమ్మ ఉండేది కాదు.
పండిన నిమ్మకాయ పసుపు,
దాని మీదికి మెల్లగా పాకే ఇటుక ఎరుపు,
ఓ మూల, ఎవరో పిలిస్తే ఆగినట్టు
కాస్త నలుపు.

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని మరీ అడిగాడు:
"ఏమిటమ్మా ఇది?"
"మాగాయ నోట్లో పెట్టుకుని
దీనర్థం ఏమిటని అడుగుతావా నాయుడూ?"

ఫ్రేముకు నూట నలభై అయింది.
ఆవిడ సంచిలో అరవై ఉంది.
"తక్కింది తెచ్చి తీసుకెళ్తాను, ఉంచు."
ఉంచాం.
నాన్న పద్దుల పుస్తకంలో ఆ ఎనభై ఇంకా బాకీయే.

రెండువేల పదిహేను డిసెంబరులో
అడయారు మా కొట్లోకి వచ్చింది, బేరమాడకుండా.
వెంకన్నల్ని తీసుకెళ్ళింది.
పోయినవాళ్ళను ఇంకోసారి తీసుకెళ్ళింది.
అటక ఎక్కి, ఆ కాన్వాసు మీద
ఒక జానెడు పాకి
ఎందుకో ఆగింది.

పొట్లం విప్పగానే ఆదిరై వంగిపోయింది.
"ఈ కింది మట్టిరంగు పట్టీ చూడండి సార్,
ఎంత ధైర్యం! నేలను ఎంత తక్కువలో చెప్పేసింది!"

అది వేసిందెవరో నాకు తెలుసు.
ఆ రాత్రి మేడ మీద నిలబడి
వీధంతా ఆ రంగు పూయడం చూసినవాణ్ణి.
చెప్పేశాను.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.
ముట్టకుండా, గాల్లోనే,
ఆ గీత వెంట వేలు నడిపింది.
"మాది జాఫర్‌ఖాన్‌పేట.
మా గోడ మీద ఇంకా పైకుండేది.
తుడవకండి సార్."

తిప్పి చూశాం.
వెనక చెక్క మీద పెన్సిలు బాణం,
పక్కన తెలుగులో, తొందర తొందరగా: ఇటు పైకి.
ఆదిరైకి చదివి చెప్పాను.
బాణం చూస్తున్నది మరక వైపు.
ముప్పై ఏడేళ్ళూ ఆవిణ్ణి
శీర్షాసనం వేయించామన్నమాట.

కానీ ఎదురుగా ఇంకో బాణం, కొట్టేసినది.
ఎడమ అంచున మూడోది,
రబ్బరుతో చెరిపినా దీపం కింద కనబడుతుంది.
ఆవిడకూ తెలియలేదో,
తెలిసిందాన్నే మార్చుకుంటూ పోయిందో.

"వరదను ఆకాశంలో వేలాడదీయాలా సార్?"
రేపు చెబుతానన్నాను.

రాత్రి షట్టరు సగం దించి
ఒక్కణ్ణే దాన్ని తిప్పుతూ కూర్చున్నాను.
అటు తిప్పితే పసుపు బరువెక్కింది.
ఇటు తిప్పితే నలుపు తేలిపోయింది.
తాంబరం వెళ్ళే ఆఖరి రైలు
కొట్లో గాజులన్నిటినీ ఒకసారి కదిపి పోయింది.
అర్థం మాత్రం ఏమీ కాలేదు.
ఆకలేసింది.

పొద్దున్నే
నాలుగు వైపులా కొక్కేలు బిగించాను.
బిల్లులో ఒక జతే రాశాను.